కిందపడ్డ 2 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్: పెళ్ళి ఫోటోలు వెనక్కి వస్తాయా?

శీను_ఫోటోస్ (తణుకు)

అందరికీ నమస్కారమండి. మాది చిన్న స్టూడియో. నిన్న రాత్రి ఫోటోలు కాపీ అవుతుండగా మా కుర్రాడి కాలికి వైరు తగిలి ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ టేబుల్ మీంచి గచ్చు మీద పడింది. పడేటప్పుడు లైటు వెలుగుతూనే ఉంది. తీసి మళ్ళీ పెడితే చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ‘ఈ డిస్క్ వాడాలంటే ముందు ఫార్మాట్ చెయ్యాలి, చేస్తారా’ అని బాక్సు వచ్చింది. క్యాన్సిల్ కొట్టి తీసేశాను.

అందులో రెండు పెళ్ళిళ్ళు, ఒక ఓణీల ఫంక్షను, ఒక గృహప్రవేశం ఉన్నాయి. ఒక పెళ్ళివారికి ఆల్బమ్ ఇంకా ఇవ్వలేదు. ఇక్కడ కంప్యూటర్ షాపాయన ‘ఫార్మాట్ కొట్టేసి సాఫ్ట్‌వేర్‌తో లాగేద్దాం, రేపు పట్రండి’ అన్నాడు. ఇవ్వచ్చా? రాత్రి నిద్ర లేదండి, కాస్త తెలిసినవాళ్ళు చెప్పండి.

బీటెక్_బాబు

సింపుల్ బ్రో. కమాండ్ ప్రాంప్ట్ ఓపెన్ చేసి చెక్‌డిస్క్ స్లాష్ ఎఫ్ కొట్టు. నా పెన్‌డ్రైవ్‌కి సేమ్ ఎర్రర్ వస్తే అలాగే సెట్ అయింది.

సికింద్రాబాద్_బెంచి

శీనన్నా, ఏమీ కొట్టకు. చెక్‌డిస్క్ వద్దు, ఫార్మాట్ వద్దు. ముందుగాల డ్రైవ్‌ను తీసి పక్కకు పెట్టు, నేను అడిగినవాటికి జవాబు చెప్పే దాక మళ్ళ పెట్టకు. ఆ షాపాయనకు అస్సలే ఇయ్యకు.

బాబూ తమ్ముడూ, పెన్‌డ్రైవ్ వేరు, ఇది వేరు. చెక్‌డిస్క్ పని ఫైల్ సిస్టమ్‌ను, అంటే ఏ ఫైలు ఎక్కడున్నదో చెప్పే లెక్కను సరిచేసుడు, నీ ఫైళ్ళను కాపాడుడు కాదు. లెక్క కుదరని ఎంట్రీలను అది కొట్టేస్తది, మిగిలిన ముక్కలను ఫౌండ్ డాట్ 000 అనే ఫోల్డర్ల సీహెచ్‌కే ఫైళ్ళుగ పడేస్తది. గదంత ఆ దెబ్బతిన్న డిస్క్ మీదనే రాస్తది. హెడ్డు, అంటే డిస్క్‌ను చదివే సూది లాంటిది, సక్కగ చదవలేక తప్పు చూపిస్తుంటే, తప్పు ఫైల్‌దే అనుకొని మంచి ఎంట్రీని గూడ చెరిపేస్తది. కిందపడ్డ డ్రైవ్ మీద చెక్‌డిస్క్ నడిపినంక నా బెంచి మీదికి వచ్చిన కేసులు మస్తు చూసిన.

శీనన్నా, ఇవి చెప్పు:
డ్రైవ్ పెట్టంగనే ఏం సప్పుడు వస్తది? టిక్ టిక్ అంటదా, బీప్ లెక్క సన్నగ మోగుతదా, గీసుకున్నట్టు వస్తదా, అసలు సప్పుడే లేదా?
డిస్క్ మేనేజ్‌మెంట్‌ల సైజు ఎంత చూపించింది?
పడ్డంక ఎంతసేపు ఆన్‌ల ఉంచినవ్?

శీను_ఫోటోస్ (తణుకు)

అన్నా, పడ్డాక రెండు సార్లు పెట్టాం, ఎక్కువసేపు ఉంచలేదు. సౌండు మామూలుగానే మొదలైంది, తిరుగుతున్నట్టు చేతికి తెలుస్తోంది. మధ్యలో ఉండుండి ఒక్కోసారి టిక్ అంది, మళ్ళీ మామూలే. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో 1863 జీబీ అని, దాని పక్కన ‘రా’ అని చూపించింది. 2 టీబీ కదా, మిగతాది ఎటుపోయిందో మరి.

లినక్స్_పిచ్చోడు (డల్లాస్)

ఆ 1863 గురించి కంగారుపడకండి. కంపెనీ వాళ్ళు వెయ్యితో లెక్కేస్తారు, విండోస్ 1024తో లెక్కేస్తుంది. 2 టీబీ డ్రైవ్ బాగున్నా అంతే చూపిస్తుంది. నిజానికి అది మంచి కబురు. డ్రైవ్ ఎవరో, సైజెంతో చెప్పే సమాచారంలో చాలాభాగం ప్లాటర్ (డేటా ఉండే తిరిగే పళ్ళెం) మీదే, సర్వీస్ ఏరియా అనే చోట ఉంటుంది. సైజు సరిగ్గా చూపిందంటే హెడ్లు ఎంతో కొంత చదువుతున్నట్టే. సైజు సున్నా అనో, పిచ్చి అంకెలో చూపించి ఉంటే కథ వేరేగా ఉండేది.

సికింద్రాబాద్_బెంచి

డల్లాస్ అన్న చెప్పింది కరెక్టు. శీనన్నా, అందాజగ చెప్తున్న, చేతిల పట్టుకొని చూడలేదు గద.

హెడ్డు ప్లాటర్‌కు తగలకుండ కొన్ని నానోమీటర్ల ఎత్తుల తేలుతుంటది. ఆగి ఉన్న డ్రైవ్ పడితే హెడ్లు పక్కన ర్యాంపు మీద పార్క్ అయి ఉంటయి కాబట్టి చాలాసార్లు బచాయిస్తది. తిరుగుతున్నప్పుడు పడితే హెడ్డు పోయి ప్లాటర్‌కు తాకుతది. నీదానికి ఒక హెడ్డు బలహీనం అయినట్టు కొడుతున్నది. 2 టీబీ చిన్న సైజు డ్రైవ్‌లల్ల చాలావాటికి రెండు ప్లాటర్లు, నాలుగు హెడ్లు. ఒక హెడ్డు సరిగ చదవకుంటే, దాని వంతు డేటా డిస్క్ అంతట చారలు చారలుగ పోతది. కొంత వస్తది, కొంత రాదు, మళ్ళ కొంత వస్తది.

‘రా’ అని ఎందుకంటున్నదంటే, విండోస్‌ల చేసిన ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవ్‌లల్ల ఫైళ్ళ పట్టిక, ఎంఎఫ్‌టీ అంటరు, మొదట్లనే ఉంటది, మామూలుగ 3 జీబీ దగ్గర మొదలైతది. ఆ చారల్ల ఒకటి దాని మీద పడితే చాలు, విండోస్‌కు అంత ఖాళీగ కనిపిస్తది. ఫోటోలు పోయినయని కాదు, పట్టిక చదవలేకపోతున్నదని.

ఇంకోటి, సప్పుళ్ళ సంగతి అందరికీ పనికొస్తది గనుక రాస్తున్న. లయగ టిక్ టిక్ అంటే హెడ్డు దారి దొరకక వెనక్కు ముందుకు కొట్టుకుంటున్నట్టు. సన్నగ బీప్ అంటే మోటార్ తిరగలేకపోతున్నట్టు, చాలాసార్లు హెడ్లు ప్లాటర్‌కు అతుక్కొని ఉంటయి. గీసుకునే సప్పుడు వస్తే ఆ క్షణంలనే పీకెయ్యాలె, ఇంక ఒక్క నిమిషం గూడ వద్దు, పైపూతనే లేస్తది. సప్పుడే లేకుంటే బోర్డు గానీ కేబుల్ గానీ కావచ్చు, గది జెర ధైర్యంగ ఉండే కేసు.

మూర్తి_రిటైర్డ్ (విజయనగరం)

బాబూ శీనూ, ఇది విని పెట్టుకో. మా బ్యాంకులో పని చేసిన రోజుల్లో ఒకాయన హార్డ్‌డిస్కుని ప్లాస్టిక్ కవర్లో చుట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో పైఅరలో పెట్టి తీసేడు. పొద్దున్న పనిచేసింది. ఖర్చు లేని పని, ప్రయత్నిస్తే పోయేదేముంది?

సికింద్రాబాద్_బెంచి

పెద్దాయనా, మీ మీద గౌరవంతోనే చెప్తున్న, దండం పెడ్తా వద్దు. పాతకాలం డ్రైవ్‌లల్ల మోటార్ బేరింగ్ బిగుసుకుంటే ఎన్నడో ఒకటి పనిచేసి ఉండొచ్చు. డ్రైవ్‌కు గాలి పోయే సన్న రంధ్రం ఉంటది, పైన ‘దీన్ని మూయొద్దు’ అని రాసి ఉంటది చూడండి. చల్లటి డ్రైవ్‌ను తణుకు గాలిలకు తీస్తే లోపల ప్లాటర్ మీద చెమట పడ్తది. గా నీటి పొర మీద హెడ్డు నడిస్తే ఇంక ఎవ్వరూ ఏం చేయలేరు. పోయేదేముందని అడిగిన్రు గద, పెళ్ళి పోతది.

మూర్తి_రిటైర్డ్ (విజయనగరం)

సరే నాయనా, ఆ సలహా వెనక్కి తీసుకున్నాను. మాకు తెలిసింది మేం చెప్పాం.

లినక్స్_పిచ్చోడు (డల్లాస్)

సరే, ఇప్పుడు అసలు దారి చెబుతాను. దెబ్బతిన్న డిస్క్ మీద రికవరీ సాఫ్ట్‌వేర్ నడపకూడదు. ముందు దాన్ని సెక్టార్ల (డిస్క్ మీది చిన్న చిన్న గళ్ళు) లెక్కన ఇంకో మంచి డిస్క్ మీదికి దించాలి. ఆ తర్వాత ఏ ప్రయోగం చేసినా ఆ నకలు మీదే.

దీనికి జీఎన్‌యూ వాళ్ళ డీడీ రెస్క్యూ ఉంది, ఉచితం. దాని గొప్పతనమంతా ఓపికలో ఉంది. మామూలు కాపీ ఎక్కడ చదవలేకపోతే అక్కడే పట్టుకుని వేలాడుతుంది, ఆ వేలాడ్డంలోనే బలహీనమైన హెడ్డు పూర్తిగా చచ్చిపోతుంది. డీడీ రెస్క్యూ తేలిగ్గా వచ్చేదంతా ముందు లాగేసి, చెడ్డచోట్లని దాటుకుంటూ పోతుంది. ఎక్కడెక్కడ వచ్చింది, ఎక్కడ రాలేదు అన్నది మ్యాప్ ఫైల్ అని ఒక చిన్న ఫైల్లో రాసుకుంటుంది. కరెంటు పోయినా, మీరే ఆపినా, ఆ మ్యాప్ ఉంటే ఆగిన చోటు నుంచి మొదలవుతుంది. చెడ్డచోట్లతో కుస్తీ పట్టడం చిట్టచివర, అదీ మనం చెయ్యమంటేనే.

విండోస్‌లో వద్దు. విండోస్ డ్రైవ్ కనబడగానే తెరవబోతుంది, థంబ్‌నెయిల్స్ చదవబోతుంది, పదేపదే గోకుతుంది. లినక్స్ పెన్‌డ్రైవ్ మీద బూట్ చేసి, ఆటో మౌంట్ (డ్రైవ్ పెట్టగానే దానంతటదే తెరవడం) ఆపేసి, అప్పుడు డ్రైవ్ పెట్టాలి. దించుకోవడానికి కనీసం అంతే సైజు ఖాళీ డ్రైవ్ కావాలి, 4 టీబీ అయితే సుఖం. ఒక్క జాగ్రత్త: ఏది పాతది, ఏది కొత్తది అన్న వరస తారుమారైతే ఖాళీ డ్రైవ్ వచ్చి మీ పెళ్ళి మీద పరుచుకుంటుంది. ఎంటర్ కొట్టేముందు సీరియల్ నంబర్లు రెండుసార్లు చూసుకోండి.

సికింద్రాబాద్_బెంచి

అన్నా, నువ్వు చెప్పిన డీడీ రెస్క్యూ మంచిదే, నేను గూడ వాడ్త. కానీ ఎప్పుడు? డ్రైవ్ పడలేదు, నిదానంగ బ్యాడ్ సెక్టార్లు పెరుగుతున్నయి అన్నప్పుడు. ఇది తిరుగుతుంటే పడ్డది. రెండు టీబీ చదవాలంటే గంటల తరబడి నడవాలె, దెబ్బతిన్న హెడ్డు అన్ని గంటలు ప్లాటర్ మీదనే ఉంటది. పైనుంచి యూఎస్‌బీ బ్రిడ్జి, అంటే డ్రైవ్‌ను యూఎస్‌బీకి కలిపే చిప్పు, ఒకటి. బ్యాడ్ సెక్టార్ తగిలినప్పుడల్ల గా బ్రిడ్జి హ్యాంగ్ అయి డ్రైవ్ డిస్‌కనెక్ట్ అయితది.

మా దగ్గర పీసీ త్రీ థౌజండ్ అనే రికవరీ మిషిన్ మీద పెడితే ముందు ఏ హెడ్డు బాగుందో పరీక్ష చేస్తం, చెడ్డ హెడ్డును పక్కకు పెట్టి మంచి మూడింటితో వాటి వంతు చదివేస్తం. గది అయినంకనే నాలుగోదాని జోలికి పోతం. ఇంట్ల గా సౌలత్ లేదు.

లినక్స్_పిచ్చోడు (డల్లాస్)

ల్యాబ్ ఖర్చు అందరూ పెట్టుకోలేరు కదా బాస్. హెడ్డు మార్పిడి అంటే బిల్లు మామూలుగా ఉండదు. సైజు సరిగ్గా చూపిస్తోంది, లయగా టిక్ టిక్ లేదు. తేలిగ్గా వచ్చేది ఒక్క పాస్ లాగి, టిక్కులు పెరిగితే ఆపేస్తే తప్పేముంది?

సికింద్రాబాద్_బెంచి

టిక్కులు పెరిగినయని నువ్వు వినేసరికి గీత పడ్డట్టే. సొంత సినిమాలు, సాఫ్ట్‌వేర్లు ఉన్న డ్రైవ్ అయితే నేనే నీకు ఓటేద్దు. ఇది ఇంకొకళ్ళ పెళ్ళి.

ఒంగోలు_క్లిక్స్

మీరిద్దరూ కాసేపు ఆగండి. శీనూ, నేనూ ఫోటోగ్రాఫర్నే. ఆ డ్రైవ్‌లో ఏముందో కాదు, ఆ డ్రైవ్‌లో తప్ప ఇంకెక్కడా లేనిది ఏముందో చెప్పు. ఒక కాగితం తీసుకుని ఒక్కో ఫంక్షనుకీ విడివిడిగా రాయి.

ఆల్బమ్ డిజైన్‌కి ఎవరికిచ్చావు? 12 బై 36 షీట్లు చేసేవాడి దగ్గర నువ్విచ్చిన ఫోటోలన్నీ ఉంటాయి, డబ్బులు పూర్తిగా ముట్టేదాకా వాడు చెరపడు. ప్రింటు అయిపోయిందంటే ల్యాబ్‌లో జేపెగ్ షీట్లుంటాయి. వీడియో మిక్సింగ్‌కి ఇచ్చావా? ఎడియస్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రాజెక్టు ఓపెన్ కావాలంటే ఫుటేజీ మొత్తం అతని సిస్టమ్‌లో ఉండాల్సిందే. కేండిడ్‌కి వేరే కుర్రాడిని పిలిచావా? అతని కార్డులు? పెళ్ళివాళ్ళు సెలెక్షన్‌కని పెన్‌డ్రైవ్ పట్టుకెళ్ళారా? ఎల్‌ఈడీ స్క్రీన్ వాళ్ళు లైవ్ ఫీడ్ రికార్డు చేశారా? యూట్యూబ్ లైవ్ ఇచ్చారా?

చివరగా నీ కార్డులు. ఆ ఫంక్షన్ల తర్వాత ఏ కార్డు వాడలేదు?

శీను_ఫోటోస్ (తణుకు)

అక్కా, నాకసలు ఆ ఆలోచనే రాలేదు. ఇప్పుడే అందరికీ ఫోన్లు చేసి కూర్చుని రాశాను.

మొదటి పెళ్ళి: భీమవరంలో డిజైనర్ దగ్గర సెలెక్టు చేసిన ఫోటోలు ఉన్నాయి. రా ఫైల్స్ (కెమెరా నుంచి నేరుగా వచ్చే ఒరిజినల్స్) లేవు, జేపెగ్‌లు ఫుల్ సైజువే. వీడియో మిక్సింగ్ అతని దగ్గర మొత్తం ఉంది.
రెండో పెళ్ళి, ఆల్బమ్ ఇవ్వనిది: డిజైన్‌కి ఇంకా వెళ్ళలేదు. వీడియో మిక్సింగ్‌కి ఇచ్చాను, ఉంది. ఫోటోలు తీసిన కార్డులు రెండూ ఫార్మాట్ చేసేశాను కానీ, మూఢం వచ్చిందిగా, తర్వాత పని లేక కెమెరాలోంచి తీసి డబ్బాలో పెట్టేశాను. మళ్ళీ వాడలేదు!
ఓణీల ఫంక్షను, గృహప్రవేశం: వీటి కార్డులు మళ్ళీ వాడేశాం. డ్రైవ్‌లోనే ఉన్నాయి. గృహప్రవేశం వాళ్ళకి వీడియో ఇచ్చేశాం, ఫోటోలు ఇవ్వలేదు.

ఒంగోలు_క్లిక్స్

చూశావా, సగం పైగా డ్రైవ్ బయటే ఉంది. ఆ రెండు కార్డులకీ పక్కన ఉండే చిన్న లాక్ మీట కిందికి జరిపెయ్. పొరపాటున కూడా కెమెరాలో పెట్టొద్దు.

కెమెరాలో మామూలు ఫార్మాట్ కొడితే పట్టిక మాత్రమే కొత్తదవుతుంది, ఫోటోలు ఉన్నచోటే ఉంటాయి. మీద కొత్తవి రాయనంతవరకు వస్తాయి. కెనాన్ మెనూల్లో ‘లో లెవెల్ ఫార్మాట్’ అని ఇంకో టిక్కు ఉంటుంది, అది పెట్టి చేశావంటే మాత్రం ఆశ తక్కువ.

శీను_ఫోటోస్ (తణుకు)

మామూలుదే అక్కా. ఆ టిక్కు ఎప్పుడూ ముట్టుకోలేదు.

లినక్స్_పిచ్చోడు (డల్లాస్)

అయితే ఫోటోరెక్. ఉచితం, టెస్ట్‌డిస్క్‌తో కలిసి వస్తుంది. కార్డు రీడర్‌లో పెట్టి, వచ్చే ఫైళ్ళు కంప్యూటర్‌లోకే పడేట్టు చూపించండి, అదే కార్డు మీదికి ఎప్పుడూ వద్దు. ఇది ఫైల్ సిస్టమ్‌ని పట్టించుకోదు. ఒక్కో రకం ఫైలు మొదట్లో ఉండే గుర్తు చూసి ఇక్కడ జేపెగ్ మొదలైంది, ఇక్కడ రా మొదలైంది అని లాక్కుంటూ పోతుంది. అందువల్ల ఫైళ్ళ పేర్లు, ఫోల్డర్లు రావు, పొడుగాటి నంబర్లు వస్తాయి. బెదరకండి. ఫోటో లోపల తీసిన తేదీ, సమయం, కెమెరా మోడల్ ఉంటాయి, వాటి మీద సార్ట్ చేస్తే స్నాతకం నుంచి అప్పగింతల దాకా వరసలో వచ్చేస్తాయి.

పాత ఫంక్షన్ల ఫోటోలు కూడా కొన్ని బయటికి వస్తాయి. కార్డు చివరి భాగంలో మిగిలిపోయినవి అన్నమాట. ఓణీల ఫంక్షనువి కూడా ఏమైనా తగులుతాయేమో చూడండి.

వీడియోల విషయంలో ఫోటోరెక్‌ని అంతగా నమ్మకండి. ఎంపీ4 ఫైలుకి సూచిక ఒకచోట, బొమ్మలు ఒకచోట ఉంటాయి, కార్డులో ముక్కలుగా పడితే ఫైలు వచ్చినా తెరుచుకోదు. అదృష్టంకొద్దీ మీ వీడియోలు మిక్సింగ్ దగ్గర ఉన్నాయి. లేకపోయుంటే అన్‌ట్రంక్ అని ఒకటుంది, అదే కెమెరాతో తీసిన మంచి వీడియో ఒకటి నమూనాగా ఇస్తే పాడైనదానికి సూచిక కట్టడానికి చూస్తుంది. ఎప్పుడూ పనిచేస్తుందని కాదు.

డేటా_డాక్టర్99

మా వద్ద ఏ హార్డ్‌డిస్క్ అయినా 100 శాతం గ్యారంటీ రికవరీ, ఒక్క గంటలో. మీ ఎదుటే ఓపెన్ చేసి తీస్తాం. కాల్ చేయండి (నంబరు తొలగించబడింది)

మోడరేటర్

ప్రకటన నంబరు తీసేశాం. మళ్ళీ పెడితే ఖాతా ఆపేస్తాం.

సికింద్రాబాద్_బెంచి

ఆ పోస్టును తీసెయ్యకుండ ఉంచినందుకు మోడరేటర్ గారికి థాంక్స్, అందరికీ పాఠమైతది. ‘మీ ఎదుటే ఓపెన్ చేసి’ అంటున్నడు చూడున్రి. ఏసీ రూముల, ఫ్యాన్ కింద మూత తీస్తే దుమ్ము పడ్తది. హెడ్డు ఎగిరే ఎత్తు ముంగట గా దుమ్ము కణం కొండంత ఉంటది. ల్యాబ్‌కు ఇచ్చే ముంగట ఇవి అడగాలె:

మూత తీయాల్సి వస్తే ఎక్కడ తీస్తరు, క్లీన్ బెంచి, అంటే దుమ్ము లేని గాలి వచ్చే బల్ల, ఉన్నదా? పరీక్షకు ఫీజు ఎంత, డేటా రాకుంటే ఎంత తీసుకుంటరు? డోనర్ డ్రైవ్, అంటే విడిభాగాల కోసం అదే మోడల్‌ది ఇంకోటి, దాని ఖర్చు ఎవరిది? పైసలు కట్టే ముందు వచ్చిన ఫైళ్ళ లిస్టు చూపిస్తరా? ఇవన్నీ కాగితం మీద రాయించుకో. 100 శాతం గ్యారంటీ అన్నోని దగ్గర్నుంచి లేచి వచ్చెయ్.

బోర్డు మార్చేస్త అని ఎవరన్న అన్నా జాగ్రత్త. ఇప్పటి డ్రైవ్‌లల్ల బోర్డు మీద చిన్న రోమ్ చిప్పుల ఆ ఒక్క డ్రైవ్ తాలూకు సెట్టింగులు ఉంటయి. చిప్పు మార్చకుండ వేరే బోర్డు బిగిస్తే లాభం లేదు. కొన్ని ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లల్ల యూఎస్‌బీ పోర్టు బోర్డు మీదనే అతికి ఉంటది, డేటాను గూడ ఆ బోర్డే ఎన్‌క్రిప్ట్ చేస్తది. పాత బోర్డును పారేస్తే తాళంచెవి పారేసినట్టే.

ఒంగోలు_క్లిక్స్

నాది ఒక మాట. మన డ్రైవుల్లో ఉండేది ఆడపిల్లల ఫోటోలు. పసుపు కొట్టడం, మంగళస్నానాలు, గదిలో ముస్తాబు, అన్నీ ఉంటాయి. డేటా వస్తుందా రాదా అన్నది ఎంత ముఖ్యమో, అది ఎవరి చేతిలోకి వెళ్తోంది అన్నదీ అంతే ముఖ్యం. పని అయ్యాక వాళ్ళ దగ్గర కాపీ ఎన్నాళ్ళుంటుంది, ఎలా చెరుపుతారు అని అడిగి రాయించుకో. వీధి చివర షాపులో ఇచ్చేసి టీ తాగి వస్తాననొద్దు.

సికింద్రాబాద్_బెంచి

అక్క చెప్పింది నూటికి నూరుపాళ్ళు. మా దగ్గర గూడ కొందరు ఇది అడగనే అడగరు.

శీను_ఫోటోస్ (తణుకు)

కార్డుల పని అయిందండి! ఫోటోరెక్ పెట్టి నిద్రపోయాను, పొద్దున్న లేచేసరికి ఫోల్డర్లు ఫోల్డర్లుగా ఉన్నాయి. ముందు చిన్న చిన్న బొమ్మలు వేలల్లో కనబడి బెంబేలెత్తాను. అవి రా ఫైల్స్‌లో ఇమిడి ఉండే ప్రివ్యూలని డల్లాస్ సారు మెసేజ్‌లో చెప్పారు. సైజు మీద సార్ట్ చేసి చిన్నవన్నీ పక్కన పడేశాను. జీలకర్రబెల్లం, తలంబ్రాలు, అరుంధతీ నక్షత్రం, అన్నీ ఉన్నాయి. భోజనాల దగ్గర తీసినవి కొన్ని సగం వరకు వచ్చి కింద బూడిదరంగు పట్టీ ఉంది. అక్కడక్కడా మధ్యలోంచి బొమ్మ పక్కకి జరిగిపోయి రంగు మారిపోయింది, వియ్యపురాలు ఆకుపచ్చగా కనిపిస్తున్నారు. వాటికి ఆనుకుని ముందూ వెనకా తీసిన షాట్లు బాగున్నాయి, ఆల్బమ్‌కి లోటు రాదు.

ఓణీల ఫంక్షనువి కార్డు చివర్లోంచి కొన్ని వచ్చాయి, చాలవు. దానికీ గృహప్రవేశానికీ డ్రైవ్‌ని ల్యాబ్‌కి ఇవ్వాలనుకుంటున్నాను. ఆ రెండు కుటుంబాలకీ విషయం ఫోన్ చేసి చెప్పేశాను కూడా.

బీటెక్_బాబు

ల్యాబ్‌కి ఇచ్చేముందు ఒక్కసారి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో స్మార్ట్ (డ్రైవ్ తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే లెక్కలు) చూస్తే బ్రో? రీడ్ మాత్రమేగా, రాయదు.

సికింద్రాబాద్_బెంచి

ఇప్పుడు మంచిగడిగినవ్ తమ్ముడూ. ఈ డ్రైవ్‌కు వద్దు, ఆన్ చేసుడే వద్దంటున్నం గద. కానీ బాగున్న డ్రైవ్‌లకు అందరూ నెలకోసారి చూసుకోవాలె. ఆ లెక్కలల్ల 05 అంటే ఇప్పటికే పక్కకు పెట్టిన సెక్టార్లు, సీ5 అంటే చదవలేక అనుమానంల పెట్టినవి, సీ6 అంటే ఇంక చదవలేం అని తేల్చినవి. సీ5 సున్నా దాటి పెరుగుతుంటే గా రోజే కాపీ తీసుకో. సీ7 ఒక్కటే పెరుగుతుంటే డ్రైవ్‌ది కాదు, కేబుల్‌ది. ‘గుడ్’ అని నీలంగ చూపిస్తున్నదని ధైర్యం వద్దు, ఒక్క ముక్క చెప్పకుండ పోయే డ్రైవ్‌లు గూడ ఉంటయి.

శీను_ఫోటోస్ (తణుకు)

ల్యాబ్ నుంచి వచ్చింది. ఎవరన్నది ఇక్కడ రాయను, కాగితం మీద అన్నీ రాసిచ్చారు, ముందు ఫైళ్ళ లిస్టు చూపించాకే డబ్బులు తీసుకున్నారు. బెంచి అన్న చెప్పిందే, ఒక హెడ్డు పోయింది. మిగతా మూడింటితో చదివేసి, తర్వాత డోనర్ నుంచి హెడ్లు మార్చి నాలుగోదానివి దొరికినంత తీశారు. ఒకచోట ప్లాటర్ మీద గీత ఉందని ఫోటో తీసి చూపించారు, అద్దం మీద గోరుతో గీసినట్టు సన్నటి వలయం. అక్కడివి రాలేదు.

గృహప్రవేశం దాదాపు మొత్తం వచ్చింది. ఓణీల ఫంక్షనులో హారతుల దగ్గర వరస పెట్టి కొన్ని లేవు. వాళ్ళ మేనమామ ఫోన్‌లో తీసినవి అడిగి తెచ్చి కలిపాను. బిల్లు మాత్రం గట్టిగానే అయింది, ఒక పెళ్ళి కవరేజీ మిగులు దానికే పోయింది.

ఇప్పుడు మళ్ళీ ఇలా కాకుండా ఏం పెట్టుకోవాలో చెప్పండి. రెండు డ్రైవులు కలిపి వాడే రెయిడ్ డబ్బా కొనమని ఒకాయన అంటున్నాడు. ఇంకొకాయన ఎస్‌ఎస్‌డీ కొనేస్తే కిందపడినా భయం లేదంటున్నాడు.

లినక్స్_పిచ్చోడు (డల్లాస్)

రెయిడ్ బ్యాకప్ కాదు. ఒక డ్రైవ్ పోతే పని ఆగకుండా చూస్తుంది, అంతే. మీరు పొరపాటున ఒక ఫోల్డర్ చెరిపితే రెండింట్లోనూ ఒకేసారి పోతుంది. రాన్సమ్‌వేర్ (ఫైళ్ళకి తాళం వేసి డబ్బులడిగే వైరస్) వచ్చినా అంతే.

ఎస్‌ఎస్‌డీకి కదిలే భాగాలు లేవు, పడితే తట్టుకుంటుంది, పని చేసుకోవడానికి బ్రహ్మాండం. అయితే పోతే మాత్రం చెప్పాపెట్టకుండా పోతుంది. ట్రిమ్ (చెరిపిన ఫైళ్ళ చోటుని ఎస్‌ఎస్‌డీ లోపల ఖాళీ చేయించే ఏర్పాటు) పనిచేస్తున్న చోట చెరిపిన ఫైలు వెనక్కి రావడం దాదాపు అసాధ్యం. కరెంటు లేకుండా ఏళ్ళ తరబడి బీరువాలో పడేస్తే లోపలి ఛార్జి కారిపోయి డేటా పోవచ్చు. దాచుకోవడానికి మామూలు హార్డ్‌డిస్కే, అదీ రెండు.

అందరూ చెప్పేది 3-2-1. మూడు కాపీలు, రెండు రకాల మీడియా, ఒకటి ఇంటి బయట.

ఒంగోలు_క్లిక్స్

స్టూడియోవాళ్ళకి అది ఎలా కుదురుతుందో నేను చెబుతా. కెమెరాలో రెండు కార్డు స్లాట్లుంటే రెండింట్లోనూ ఒకేసారి రాసేట్టు పెట్టు. ఇంటికొచ్చాక ఒక కాపీ సిస్టమ్‌లో, ఒకటి డ్రైవ్‌లో. రెండో డ్రైవ్‌లోకి కూడా వెళ్ళి, అవి తెరుచుకుంటున్నాయని చూసేదాకా కార్డు ఫార్మాట్ చెయ్యను. కాపీకి టెరాకాపీ వాడతా, వెరిఫై టిక్కు పెడితే కాపీ అయ్యాక రెండు వైపులా చదివి సరిపోల్చుతుంది. రెండో డ్రైవ్ మా అన్నయ్య వాళ్ళింట్లో ఉంటుంది. వారానికోసారి టిఫిన్‌కి వెళ్ళినప్పుడు మార్చుకొస్తా, ఒకటి వెళ్తే ఇంకోటి వస్తుంది. రెండు డ్రైవులూ ఒకేరోజు ఒకే షాపులో కొనలేదు, ఒక లాట్‌లో లోపముంటే రెండూ కలిసి పోతాయని.

క్లౌడ్ అంటావా, గూగుల్ ఫోటోస్ ఫ్రీ రోజులు 2021 జూన్ 1తో అయిపోయాయి, ఇప్పుడు 15 జీబీ దాటితే డబ్బులే. రా ఫైల్స్ అన్నీ ఎక్కించడం మన నెట్‌తో అయ్యే పని కాదు. నేను ఫైనల్ జేపెగ్‌లు మాత్రం ఎక్కిస్తా. ఇంకోటి, కాంట్రాక్టు కాగితంలోనే ‘డెలివరీ తర్వాత ఇన్ని నెలల వరకే ఫైళ్ళు భద్రపరుస్తాం’ అని రాయించు. లేదంటే పదేళ్ళ తర్వాత కూడా వచ్చి మా సీమంతం ఫోటోలేవి అంటారు.

మూర్తి_రిటైర్డ్ (విజయనగరం)

ఇదంతా చదివి మా పాత డ్రైవ్ బయటికి తీసేను. మా అమ్మాయి చిన్నప్పటి ఫోటోలు, పాత అల్బమ్‌లు స్కాన్ చేయించినవి అందులోనే ఉన్నాయి. చాలా ఏళ్ళుగా బీరువాలోనే ఉంది. సీపీయూ ముందు పోర్టులో పెడితే టిక్ టిక్ మని ఆగిపోతోంది. ఫ్రిజ్‌లో పెట్టలేదు బాబూ, ముందే చెబుతున్నాను!

సికింద్రాబాద్_బెంచి

మూర్తి సార్, కంగారు పడకున్రి. పడలేదు, తడవలేదు కదా. సీపీయూ ముందు పోర్టులకు కరెంటు సరిగ రాక గూడ డ్రైవ్ లేవలేక టిక్కుమంటది. పాత యూఎస్‌బీ 2 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ యాంప్స్, 3 పోర్టు అయితే 900. వైరు పొడుగ్గ, పాతగ ఉంటే ఇంకా తగ్గుతది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, పొట్టి కొత్త వైరుతో సీపీయూ వెనక నీలం పోర్టుకు పెట్టి చూడున్రి. సప్పుడు మామూలుగుంటే వెంటనే ముఖ్యమైన ఫోల్డర్ ముందు కాపీ చేసుకోండి, మిగతావి తర్వాత. మళ్ళ టిక్కుమంటే తీసేసి ఈడ రాయండి.

మూర్తి_రిటైర్డ్ (విజయనగరం)

వెనక పోర్టులో తిరిగింది నాయనా. ఫోల్డర్లు కనబడుతున్నాయి. అమ్మాయి ఫోల్డర్ కాపీ అవుతోంది, ఇంకా గంటన్నర అని చూపిస్తోంది. అంతసేపు ఎవర్నీ ఆ గదిలోకి రానివ్వడం లేదు.

ఒంగోలు_క్లిక్స్

వైరు కాళ్ళకి తగలకుండా చూసుకోండి సార్.